మా నాన్నది మంచితనం కాదు, పని

మా నాన్న పెద్దకర్మ నాడు కందుకూరులో మా ఇంటి ముందు వేసిన షామియానా కింద పదకొండుమంది మాట్లాడారు. వారిలో తొమ్మిదిమంది ఆయనను అజాతశత్రువు అన్నారు. ఆర్టీసీలో ఆయనతో ఇరవై ఏళ్లకు పైగా కలిసి తిరిగిన డ్రైవరొకాయన మాత్రం మైకు పట్టుకుని కాసేపు నిలబడి, "నాకు మాటలు రావడంలా" అని దాన్ని పక్కవారి చేతిలో పెట్టి కూర్చున్నాడు. వీధి మలుపులో కట్టిన ఫ్లెక్సీ మీద నాన్న ఫొటో పక్కన "మంచితనానికి మారుపేరు" అని పెద్ద అక్షరాలతో అచ్చువేయించారు. ఆ ఫ్లెక్సీ కట్టినవారిని నేను తప్పుపట్టడం లేదు. మేం అడగకుండానే సొంత డబ్బులు వేసుకుని, తెల్లవారకముందే వచ్చి కట్టి వెళ్లారు. కానీ ఆ మాట అప్పటినుంచి నాకు పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

మంచితనం పుట్టుకతో వస్తుందని మనలో చాలామంది నమ్మకం. ఒకరికి ఒత్తయిన జుట్టు ఉన్నట్టు, ఇంకొకరికి పాడే గొంతు ఉన్నట్టు, ఫలానా ఆయనకు మంచితనం ఉందని అనేస్తే ఇక చెప్పవలసింది ఏమీ మిగలదు, అది లేనివాళ్లు చేయవలసిందీ ఏమీ ఉండదు. నేను ఎరిగినంతలో మా నాన్న స్వభావరీత్యా అంత ఓర్పు గల మనిషి కాదు. పులుసులో ఉప్పు తక్కువైతే కంచం జరిపేవారు, నాకు లెక్కల్లో మార్కులు తగ్గితే రెండేసి రోజులు మాట్లాడేవారు కాదు. ఊరు ఆయనలో చూసి గుణమనుకున్నది నిజానికి ఆయన రోజూ చేసిన పని. ఆ పనికి ఒక పద్ధతి ఉండేది, లెక్క ఉండేది, నష్టం ఉండేది, ఆ నష్టాన్ని మోసిన మనిషి ఒకరుండేవారు. వీటిని పక్కకు నెట్టి ఆయనను పొగడటం ఆయనను తక్కువ చేయడమేనని నా వాదన.

ముందు ఆయన ఎవరో చెప్పాలి. 1951లో లింగసముద్రం వైపు ఒక పల్లెలో పుట్టారు. అప్పుడది నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు, దాంతో నాన్న ప్రకాశం జిల్లావాసి అయ్యారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్లీ కత్తిరించి కందుకూరును నెల్లూరులో కలిపారు, ఆ అక్టోబరులో ఆయన పోయారు. మరణ ధ్రువపత్రం మీద జిల్లా పేరు చదివి మా అన్న, అంత దుఃఖంలోనూ, "నాన్న ఇల్లు కదలకుండానే పుట్టిన జిల్లాకు పోయాడు" అన్నాడు. నేను ఒంగోలులో ఉంటాను కాబట్టి ఆ మార్పుతో నాకు పుట్టింటికి వెళ్లడమంటే జిల్లా దాటడమైంది.

1975లో కండక్టరుగా చేరిన నాన్న 2009లో పదవీ విరమణ చేసేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నారు. కందుకూరు నుంచి పామూరు, సింగరాయకొండ, కావలి మీదుగా నెల్లూరు, ఇవే ఆయన తిరిగిన దారులు. మాలకొండ నరసింహస్వామి గుడి వారంలో ఒక్క శనివారమే తెరుస్తారు కాబట్టి ఆ రోజు మా డిపో నుంచి ప్రత్యేకంగా బస్సులు వేసేవారు, ఎవరికీ ఇష్టం లేని ఆ రద్దీ డ్యూటీ తరచుగా నాన్నకే పడేది. అందువల్ల మా చిన్నతనంలో శనివారం అంటే నాన్న లేని రోజు. ఆదివారం అంటే నాన్న ఉన్నా ఆయన కోసం వచ్చినవాళ్లు కూడా ఉండే రోజు.

కండక్టరుకు రోజుకు కొన్ని వందల ముఖాలు కనిపిస్తాయి. వాటిని మరిచిపోవడమే ఆ ఉద్యోగంలో నెగ్గుకురావడానికి దారి అని ఆయన తోటివారు అనేవారు. నాన్న మాత్రం ముఖాలను కాక స్టాపులను గుర్తుపెట్టుకునేవారు. ఫలానా మలుపులో ఎక్కే ముసలామెకు షుగరు, ఫలానా రావిచెట్టు దగ్గర దిగే కుర్రవాడికి పాలిటెక్నిక్ ఫీజు గడువు దగ్గరపడింది, ఫలానా పల్లెలో పొగాకు ఎండబెట్టే బ్యారన్ కూలి ఇద్దరికి దెబ్బలు తగిలాయి, అన్నీ స్టాపుల వరుసలోనే ఆయన తలలో ఉండేవి. రాత్రి ఇంటికొచ్చి, డిపోలో డబ్బు కట్టిన కాగితాలు పక్కన పెట్టి, ఒక చిన్న నోటుపుస్తకంలో అవన్నీ దిగరాసేవారు. ఆ పుస్తకాలు పద్నాలుగు మిగిలాయి, ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. "గుడ్లూరు, మాత్రలు రెండు పట్టీలు, డబ్బు ముట్టింది." "ఉలవపాడు, తోట ఆయన కొడుకు, రైల్వే దరఖాస్తు ఫారం, ఒంగోలులో దొరకలేదు, నెల్లూరులో చూడాలి." పేజీల కొద్దీ ఇంతే. ఒక్క ఆవేశపు వాక్యం గాని, ఒక్క మంచిమాట గాని అందులో లేదు. చేసిన పనికి అడ్డంగా గీత, చేయనిదానికి గీత లేదు.

మన వైపు "చూద్దాంలే" అనే మాటకు కాదనే అర్థమని అందరికీ తెలుసు, అయినా ఆ మాట పట్టుకుని జనం నెలల తరబడి తిరుగుతుంటారు. నాన్న ఆ మాట వాడేవారు కాదు. చేయగలిగితే ఎప్పటికి చేస్తారో చెప్పేవారు, చేయలేకపోతే అక్కడే "నావల్ల కాదు" అనేవారు. ఇలా ముఖం మీద చెప్పడం వల్ల ఆయనకు దూరమైనవాళ్లు ఉన్నారు. దగ్గరి బంధువు ఒకాయన, కొడుకు ఉద్యోగానికి ఎవరితోనో మాట్లాడిపెట్టమంటే నాన్న కుదరదన్నారని, మా గడప తొక్కడం మానేశాడు. అజాతశత్రువని పొగిడిన తొమ్మిదిమందిలో ఆయన కూడా ఒకరు కావడం నాకు కాస్త నవ్వు తెప్పించింది.

డబ్బు విషయంలోనూ అంతే కచ్చితం. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు, వేలంపాటలు అడ్డుకోవడానికి కలెక్టరాఫీసుకు గుంపులు గుంపులుగా వెళ్లేవారు. కావలి దాటాక ఒక స్టాపులో పదిహేనుమంది నెల్లూరు బస్సెక్కారట. అందరి దగ్గరా కలిపినా సగం టికెట్లకే డబ్బు ఉంది. మిగతా టికెట్లు నాన్న కొట్టి తన జేబులోంచి సంచిలో వేశారు. "ఊరికే రమ్మంటే సరిపోయేది గదా" అని అమ్మ అడిగితే, "టికెట్టు లేకుండా ఎక్కించుకుంటే అది సంస్థ డబ్బుతో చేసిన దానం, నాది కాదు" అన్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చినప్పుడు ఆ ఏడెనిమిది టికెట్ల సంగతి అమ్మే గుర్తుచేసింది, గొప్పగా కాదు, ఆ నెల పాలవాడికి బాకీ పడిన లెక్క చెబుతూ.

చావు ఇళ్ల దగ్గర ఆయన పని నేను దగ్గరగా చూశాను, ఎందుకంటే ఇంటర్మీడియట్ చదివేటప్పుడు రెండు మూడుసార్లు నన్ను కూడా వెంట తీసుకుపోయారు. కబురు అందిన గంటలోపు అక్కడ ఉండాలనేది ఆయన పట్టుదల. పెళ్లికి ఆలస్యమైనా ఫరవాలేదు గాని చావుకు కాకూడదనేవారు. వెళ్లి శవం దగ్గర నిలబడి ఏడ్చేవారు కాదు, ఇంటివాళ్ల భుజం మీద చేయి వేసి ఓదార్చేవారు కూడా కాదు. నేరుగా పెరట్లోకి వెళ్లి, మంచినీళ్లు ఉన్నాయా లేవా, పిల్లలు ఏమైనా తిన్నారా లేదా చూసేవారు. తరువాత ఎవరికి కబురు వెళ్లింది, ఎవరికి వెళ్లలేదు అని ఆ ఇంటి మనుషుల్లో కాస్త స్థిమితంగా ఉన్నవారిని పట్టుకుని రాసుకునేవారు. జేబులో వంద రూపాయల నోట్లు కాకుండా పదులూ ఇరవైలూ పెట్టుకుని వెళ్లేవారు. పాడె కట్టేవాడికి, డప్పు కొట్టేవాళ్లకు, కట్టెలు తోలేవాడికి ఆ సమయంలో చిల్లర ఇచ్చే దిక్కు ఉండదని, పెద్ద నోటు తీస్తే అక్కడే గొడవ మొదలవుతుందని ఆయనకు అనుభవం. దీన్ని మంచితనం అంటే నాకు బాధగా ఉంటుంది. పాతికేళ్లు మగ్గం మీద కూర్చున్న వాడి చేతికి పోగు తెగిన చోటు ఎలా తెలుస్తుందో ఆయనకు చావు ఇంట్లో చిల్లర అవసరం అలా తెలుసు.

ఇక నష్టం సంగతి.

ఊరిలో నలుగురి మనిషి అయినవాడి ఇంట్లో పొయ్యి ఆరదు. మా ఇంటికి రోజూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చినవాళ్లు, ఏమీ తినకుండా వచ్చినవాళ్లు. వాళ్లకు కాఫీ, ఉప్మా, పొద్దుపోతే అన్నం. నాన్న డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే వాళ్లు ఎదురుచూసేవారు, ఎదురుచూసేవాళ్లతో మాట్లాడే బాధ్యత అమ్మది. నేను పదో తరగతి పరీక్షలకు వంటింట్లో గ్యాస్ బండ పక్కన పీట వేసుకుని చదివాను, ముందు గది ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు కాబట్టి. అమ్మ నోట నేను తరచుగా విన్న సామెత "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత". కోపం బాగా వచ్చినప్పుడు ఇంకొకటి వాడేది: "ఊరికి ఉపకారి, ఆలికి అపకారి." ఈ సామెతలు కట్టినవాళ్లు మా నాన్నలాంటి మొగుళ్లతో కాపురం చేసినవాళ్లే అయి ఉండాలి.

1988లో తోటి ఉద్యోగి ఒకాయన అప్పు తీసుకుంటే నాన్న హామీ సంతకం పెట్టారు. ఆయన కొన్నాళ్లకు ఉద్యోగం వదిలి ఎటో వెళ్లిపోయాడు. రెండున్నరేళ్ల పైన నాన్న జీతంలో నెలనెలా కోత పడింది. అమ్మ చేతి గాజులు బ్యాంకులో తాకట్టుకు వెళ్లాయి, అన్నను నెల్లూరు కాలేజీలో చేర్చాలనుకున్నది కాస్తా కందుకూరులో చేర్చడంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. దీన్ని అన్న ఇప్పటికీ పూర్తిగా మరిచిపోలేదు. ఆ బాకీ తీరిన రెండు నెలలకే నాన్న ఇంకొకరికి హామీ సంతకం పెట్టి వచ్చారు. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన గొడవ నాకు మాటమాట గుర్తుంది. "సంతకం పెట్టే మనిషి లేకపోతే పేదోడికి అప్పు పుట్టదు, రేపు మన గతైనా అంతేగదా" అని నాన్న, "రేపటి సంగతి దేవుడెరుగు, ఇయ్యాల నా చేతులు బోడిగా ఉండాయి" అని అమ్మ. ఇద్దరి మాటా నిజమే. 2003లో నా పెళ్లికి నాన్న అప్పు తీసుకోవలసి వచ్చినప్పుడు, ఆయన అడగకముందే ముగ్గురు సంతకానికి సిద్ధపడ్డారు. కాబట్టి ఆ సంతకాలు వట్టి దానాలు కావు, తిరిగి వచ్చే అప్పులు. కానీ తిరిగి వచ్చినప్పుడు నాకు అందిన ఆ అప్పుకు వడ్డీ కట్టింది అమ్మ, అన్న. నాన్నను పొగిడినవారెవరూ ఈ సంగతి చెప్పలేదు. వాళ్లకు తెలియకపోవడమే కారణం, మా ఇంట్లో ఎవరమూ చెప్పకపోవడం ఆ తెలియకపోవడానికి కారణం.

చదివింపుల పుస్తకం కూడా అమ్మ చేతిరాతలోనే ఉంది. మా ఇంట్లో జరిగిన పెళ్లికి, ఓణీల వేడుకకు, గృహప్రవేశానికి ఎవరు ఎంత చదివించారో ఎడమవైపు, వాళ్ల ఇంటి శుభకార్యానికి మేం ఎంత చదివించామో కుడివైపు. పెళ్లికి బయలుదేరే ముందు నాన్న గడపలో చెప్పులు వేసుకుంటూ, "వాళ్లు మనకెంత?" అని కేకేసేవారు, అమ్మ వంటింట్లోంచి అంకె చెప్పేది, దానికి కొంత కలిపి కవరులో పెట్టేవారు. ఆప్యాయత అని మనం పిలుచుకునేదాని వెనుక ఇంత నిక్కచ్చి లెక్క ఉండటం కొందరికి చిన్నతనంగా తోస్తుంది. నాకు తోచదు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నాడు మొదలయ్యే రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం చేసేది ఇలాంటి లెక్కే. ఉద్యోగం కోరుకున్నవాడు ఉద్యోగ రొట్టె అందుకుంటాడు, కోరిక తీరాక మరో ఏడు వచ్చి అదే రొట్టె మరొకరికి ఇస్తాడు. పండగ రద్దీకి వేసే స్పెషల్ బస్సుల్లో డ్యూటీ పడిన ఏడు నాన్న నా పేరు మీద ఒక రొట్టె పట్టారు. మరుసటి ఏటికి నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. రొట్టె తిరిగి ఇవ్వాలని సెలవు పెట్టుకుని అమ్మను వెంటబెట్టుకుని వెళ్లారు. నమ్మకమా అని అడిగితే, "బాకీ" అన్నారు.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. అజాతశత్రువు అనే మాట మీద నా అసలు అభ్యంతరం ఇక్కడ ఉంది.

మా ఇంటి వరండాలో, మెట్ల పక్కన గూట్లో, నాలుగు స్టీలు గ్లాసులు విడిగా ఉండేవి. డిపోలో పనిచేసే మాదిగ, మాల కులాల ఉద్యోగులు వచ్చినప్పుడు నాయనమ్మ ఆ గ్లాసుల్లోనే కాఫీ పోయించేది, తాగాక వాళ్లే కడిగి బోర్లించి వెళ్లేవారు. నాన్న వాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల కంచాల్లో భోంచేసి వచ్చేవారు, వాళ్ల పిల్లల పెళ్లిళ్లలో బంతిలో కూర్చునేవారు, కానీ తన ఇంటి గూట్లో గ్లాసులను మాత్రం తీయలేదు. 1991లో నాయనమ్మ పోయిన తరువాత అమ్మ వాటిని లోపలి గ్లాసుల్లో కలిపేసింది, ఒక్క మాట మాట్లాడకుండా. పొట్టి శ్రీరాములుగారు నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేసింది 1946లో. మా వరండాలో గ్లాసులు పోవడానికి ఆ తరువాత ఇంకో నలభై అయిదేళ్లు పట్టింది, అది కూడా ఒక ముసలామె చనిపోతే.

1985 జులై 17న మా జిల్లాలోనే కారంచేడులో మాదిగపల్లె మీద పైకులంవాళ్లు దాడి చేశారు. బతికినవాళ్లు చీరాలకు చేరి తలదాచుకున్నారు. ఆ రోజుల్లో డిపోలో విశ్రాంతి గదిలో కూడా మనుషులు రెండు గుంపులుగా కూర్చునేవారట. నాన్న ఏ గుంపులోనూ కూర్చోలేదు, ఏమీ అనలేదు, డ్యూటీ చార్టు చూసుకుని బస్సు దగ్గరకు వెళ్లిపోయేవారు. ఆ తరువాత ఏడాది రెండు గుంపులవాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకూ వెళ్లారు. ఎవరితోనూ చెడకుండా బతకడం అంటే అప్పుడు అదే. చాలా ఏళ్ల తరువాత, కాలేజీలో ఆ సంగతి చదువుకుని వచ్చి, మీరేం చేశారని నేను నిలదీసినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరికి, "అప్పుడు నోరు తెరవాల్సింది, అమ్మాయ్. తెరిస్తే రెండోరోజు నుంచి సగంమంది నాతో పని చేయించుకోరని భయపడ్డా" అన్నారు. నలుగురి మనిషికి ఉండే పెద్ద బలహీనత ఆ ఒక్క మాటలో ఉంది. అందరికీ ఉపయోగపడాలంటే అందరికీ ఆమోదం కావాలి, అందరి ఆమోదం పోకుండా చూసుకునేవాడు అన్యాయం ఎదుట తడబడతాడు. ఈ తడబాటును ఆయన ఒప్పుకున్నారు, మైకు దగ్గర ఉన్నవాళ్లు దాన్నే సుగుణంగా వర్ణించారు.

ఈ మాటలే ఇంట్లో అంటే చిన్నాన్నకు కోపం వచ్చింది. "పోయిన మనిషి మంచిని తూకం వేస్తావేంది? అంత చదువుకుని నేర్చింది ఇదేనా?" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మన దగ్గర పోయినవారి గురించి చెడు మాట్లాడకూడదనే పద్ధతి ఉంది, ఆ పద్ధతి మంచిదే, లేకపోతే పెద్దకర్మలు ఆస్తి తగాదాలుగా మారతాయి. పైగా మన జిల్లాలకు సర్వస్వం ధారపోసినవారి మీద ఒక మోజు ఉంది. బారిస్టరుగా సంపాదించినదంతా స్వరాజ్య పత్రికలో, ఉద్యమంలో పోసేసి 1957లో చేతిలో ఏమీ లేకుండా పోయిన ప్రకాశం పంతులుగారిని, దీక్షలో ప్రాణమే ఇచ్చేసిన శ్రీరాములుగారిని చూసి పెరిగినవాళ్లం. జిల్లాలకు పెట్టుకున్న పేర్లు కూడా వాళ్లవే. అంతటి త్యాగాల పక్కన మాత్రలు తెచ్చిపెట్టడం, చిల్లర పట్టుకెళ్లడం చెప్పుకోదగ్గ సంగతుల్లా కనిపించవు. అందుకే వాటిని కూడా త్యాగం భాషలోకి మార్చి, "తన కోసం కాక పరుల కోసం బతికారు" అని చెబితే గాని మనకు తృప్తి ఉండదు. మా నాన్న పరుల కోసం బతకలేదు. పరులతో బతికారు, వాళ్ల చేత పనులు చేయించుకున్నారు కూడా. మా ఇంటి పైకప్పు పోసిన రోజు ఇసుక మోసినవాళ్లలో సగం మంది కూలి తీసుకోలేదు.

చిన్నాన్నకు నేను చెప్పిన సమాధానం ఒక్కటే. తూకం వేస్తే తగ్గేది పొగడ్త మాత్రమే, పని కాదు. "ఆయన లేని లోటు తీరనిది" అన్న ప్రతివాడూ ఆ సాయంత్రం నిశ్చింతగా ఇంటికి వెళ్లాడు, ఎందుకంటే తీరని లోటును తీర్చే ప్రయత్నం ఎవరూ చేయనక్కరలేదు. అదే "ఆయన పద్నాలుగు నోటుపుస్తకాల పని మిగిల్చి పోయారు" అని ఉంటే, ఒక పుస్తకం ఎవరైనా ఇంటికి పట్టుకుపోయేవారేమో. చిన్నాన్న దీనికి ఒప్పుకోలేదు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చోలేదు కూడా.

పదవీ విరమణ తరువాత ఆయన పని తగ్గుతుందని మేం అనుకున్నాం. ప్రభుత్వంలో కలపక ముందు, అంటే 2020 జనవరికి ముందు, రిటైరైన ఆర్టీసీ వాళ్లకు భవిష్యనిధి నుంచి వచ్చే 1995 నాటి పథకపు పింఛనే దిక్కు, అది నాన్నకు నెలకు రెండు వేల పైచిలుకు. ఉద్యోగి పోతే భార్యకు అందులో సగం. ఆ సగం కోసం ఏటా బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి, ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది. పల్లెల్లో ఉన్న ఆడవాళ్లలో చాలామందికి ఈ సంగతి డబ్బు ఆగాకే తెలిసేది. ఏ కార్యాలయానికి వెళ్లాలో, ఏ కాగితం తీసుకెళ్లాలో చెప్పే మనిషి లేక తోటి కండక్టర్ల, డ్రైవర్ల భార్యలు మా ఇంటికి వచ్చేవారు. ఆధార్‌తో వేలిముద్ర వేసే పద్ధతి వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. ఏళ్ల తరబడి పొగాకు గ్రేడింగులో పనిచేసిన ఆడవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి యంత్రం పట్టేది కాదు. నాన్న వాళ్లను కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్లలో చేతులు కడిగించి, మెత్తటి గుడ్డతో తుడిపించి, పది వేళ్లూ ఒక్కొక్కటిగా ప్రయత్నింపజేసేవారు. సెల్‌ఫోనులో ముఖం చూపించి ధ్రువీకరించే వీలు వచ్చిందని తెలిసినప్పుడు చిన్నపిల్లవాడిలా సంబరపడ్డారు.

అయితే అప్పటికే ఆయనకు చూపు మందగించింది. శుక్లాల ఆపరేషను ఒక కంటికి కుదిరింది, రెండో కంటికి అంతగా కుదరలేదు. 2015 తరువాతి నోటుపుస్తకాల్లో రాత మారిపోవడం నేను ఆయన పోయాకే గమనించాను. గుండ్రటి పెద్ద అక్షరాలు, పేరు పక్కన పింఛను నంబరు, బ్యాంకు, కిందటిసారి ధ్రువపత్రం ఇచ్చిన తేదీ, అన్నీ గళ్లు గీసి రాసినవి. నాన్న పుస్తకాల్లో ఎన్నడూ గళ్లు లేవు. అడిగితే అమ్మ, "ఆయన చెప్తా ఉంటే రాసేదాన్ని. తర్వాత్తర్వాత ఆయన చెప్పేది తప్పుగా ఉంటే నేనే దిద్దేదాన్ని" అంది. ఆయన చివరి ఏడేళ్ల సేవ అని ఊరు చెప్పుకుంటున్నదానిలో సగం ఎవరి పనో ఆ గళ్లు చెబుతాయి. తన సగం పింఛనుకు కావలసిన కాగితాలు నింపుకోవడానికి ఆమెకు ఎవరి సాయమూ అవసరం కాలేదు. నేను ఒంగోలు నుంచి సెలవు పెట్టి వెళ్లేసరికి అన్నీ వరుసగా పిన్ను కొట్టి పెట్టుకుని ఉంది.

2023 నవంబరులో నేను కందుకూరులో ఉన్నప్పుడు వలేటివారిపాలెం వైపు నుంచి ఒకామె వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు. నాన్న పోయిన సంగతి ఆమెకు తెలియదు. గేటు దగ్గర నిలబడి "కండక్టరన్న ఉండాడా?" అని అడిగింది. అమ్మ వరండాలోకి వచ్చి, "ఆయన పోయి ఏడాది దాటింది మే" అంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది. అమ్మ ఆమెను ఏడవనిచ్చింది. తరువాత సంచి అందుకుని, కాగితాలు తీసి, కళ్లజోడు పెట్టుకుని చూసి, "కిందటేడు డిసెంబరు 4న ఇచ్చినావు, ఇంకా గడువుంది, కంగారేం లేదు" అంది. నేను కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లబోతే చేయి అడ్డం పెట్టి ఆపింది. గోడకు నాన్న ఫొటో కింద అట్టముక్క మీద అదే గుండ్రటి చేతిరాతతో రాసి తగిలించినది నాకు అప్పుడు కనిపించింది: "పింఛను పనులు పొద్దున పది నుంచి పన్నెండు వరకు మాత్రమే. ఆదివారం లేదు. కాఫీ లేదు."